నీటిమీది నిప్పు, ఒడ్డున నిలిచిన ఓడలు

మన చీమకుర్తి ప్రాంతమున నిప్పునకు భయపడని గృహస్థు లేడు. ఫాల్గుణము దాటునప్పటికి కల్లములలో మిరపకాయ యెండుచుండును. వసారాలలో ప్రత్తి రాశిగా పడియుండును. దొడ్లలో గడ్డివాములు పెళపెళలాడుచుండును. గాలి విసరిన దినమున ఆరని బీడిముక్క యొక్కటి చాలును. నా చిన్నతనమున మా వీధిలో ఒక రైతు ప్రత్తికొట్టమునకు నిప్పంటుకొనెను. కడవలు, బిందెలు, నిచ్చెనలు పట్టుకొని ఊరెల్ల పరుగెత్తెను. మంట గడియసేపటిలో అణగినది. అందరును ఇండ్లకు పోయి పండుకొనిరి. తెల్లవారుజామున ఆ రాశి లోపలినుండి మరల పొగ లేచినది. మూడవనాటి వరకును దానిని విప్పుచు, పరచుచు, తడుపుచునే యుండిరి. ప్రత్తిలో దూరిన నిప్పు పుట్టలో దూరిన పామువంటిది, ఎప్పుడు బయటికి వచ్చునో చెప్పరాదని మా తాతగారు అనెడివారు. ఆ మాటను ఈ ప్రసంగమున మరల తలంపవలసి వచ్చును గాన మీరును దానిని మనసున నుంచుకొనుడు.

నేడు నేను చెప్పబూనినది నీటిమీద పుట్టు నిప్పును గూర్చియు, దాని నార్పుటకై మనుష్యులు కట్టిన పడవలను గూర్చియు, పని చాలించిన పిమ్మట ఆ పడవల గతి యేమగుచున్న దనుటను గూర్చియు. మెట్టపొలములవారికి ఓడలతో నేమి పని యని మీ రనవచ్చును. మన క్వారీలలో త్రవ్వి తీసిన, చుక్కలు పొదిగినట్లుండు నల్లరాయి ఓడలెక్కియే గదా పరదేశములకు పోవుచున్నది! మన మిర్చియు నట్లే. మన సొమ్ము కొంత యెల్లప్పుడును ఏదో యొక ఓడలో నీటిమీద నున్నది. ఆ ఓడకు నిప్పంటుకొనినచో బావి యెక్కడ, బిందె యెక్కడ?

కొంతకాలము క్రిందట మా మనుమరాలిని వెంటబెట్టుకొని విశాఖపట్టణము పోయితిని. అచ్చట రామకృష్ణా బీచి యనబడు సముద్రతీరమున ‘కుర్సురా’ అను జలాంతర్గామి ఇసుకమీద నిలిచియున్నది. నీటి యడుగున సంచరించు యుద్ధనౌక యది. నాటి సోవియటు దేశమున కట్టబడి, 1969వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన రీగా నగరమున మన నౌకాదళమున చేరినది. 1971 నాటి యుద్ధమున సముద్రమున కావలి తిరిగినది. ముప్పదియొక్క సంవత్సరములు కొలువు చేసి, 73,500 సముద్రపు మైళ్లు తిరిగి, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన విశ్రాంతి పొందినది. పిమ్మట దానిని తీరమునకు లాగి, కట్టడముపై నిలిపి, 2002 ఆగస్టులో ప్రజలు చూచుటకై తెరచిరి. ఆ చివరి 600 మీటర్లు లాగి నిలుపుటకు ఒకటిన్నర సంవత్సరమును, అయిదున్నర కోట్ల రూపాయలును పట్టినవి. సముద్రములు తిరిగిన దానికి ఒడ్డెక్కుటయే కష్టమైనది!

దాని పొడవు 91 మీటర్లు, మన ఊరి వీధి కొక కొసనుండి మరియొక కొసవరకు వచ్చునంత. లోపలికి పోయినచో మాత్రము ఇద్దరు మనుష్యులు ఎదురుపడి తప్పుకొనుటకు వీలు లేదు. గోడలనిండ గొట్టములు, చక్రములు, తీగలు. ఒక గదినుండి మరియొక గదికి పోవుటకు గుండ్రని యినుప ద్వారము. తల వంచి, కాలెత్తి దూరవలెను. నా వయస్సువానికి అది సులభము కాదు. డెబ్బదియైదుగురు అందులో వారములకొలది వసించెడివారట. పడకలు టార్పిడోల ప్రక్కనే యుండును.

చూపించుచున్నాయన నౌకాదళమున పనిచేసి పదవీవిరమణ చేసిన నావికుడు. ఆ నౌకలో అట్టివారే మార్గదర్శకులుగా నున్నారు. టార్పిడోలను గూర్చి, పెరిస్కోపును గూర్చి ఆయన చక్కగా చెప్పుచుండగా మా మనుమరాలు మధ్యలో నడ్డుపడి, “ఇక్కడ నిప్పంటుకుంటే ఎటు పారిపోతారండీ?” అని అడిగినది. ఆయన నవ్వలేదు. ఆ గుండ్రని ద్వారముమీద చేయి వేసి, “పారిపోవడం ఉండదమ్మా. ఈ తలుపు మూసేస్తారు. లోపలున్నవాళ్లే ఆర్పుకోవాలి” అని చెప్పెను. తలుపు తెరచినచో ఒక గదిలోని నిప్పు ఓడ నంతటిని మ్రింగును. అందుచేత ఒక గదివారు ఓడకంతకును హామీగా లోపల నిలువవలెను. ఆ మాట వినిన పిమ్మట టార్పిడోలను గూర్చి ఆయన చెప్పినదేదియు నా చెవి కెక్కలేదు.

బయటికి వచ్చి ఇసుకలో కూర్చుంటిమి. రోడ్డునకు ఆవలివైపున, 2017లో నిలిపిన టీయూ-142 అను నిఘా విమానమున్నది. ఈ ప్రక్క జలాంతర్గామి, ఆ ప్రక్క విమానము. రెండును యుద్ధమునకై కట్టినవే. వానిని నిలుపుట తప్పని నేననను. ప్రాణములొడ్డి కాచినవారి జ్ఞాపకము నిలువవలసినదే. అయినను ఆ తీరమున మరియొకటి యుండవలసినదని నాకు తోచెను. రేవులో నిప్పు పుట్టినపుడు దానికెదురు నిలిచిన పడవ యేది?

ఈ తలంపు ఊరక కలిగినది కాదు. 2023వ సంవత్సరము నవంబరు 19వ తేదీ రాత్రి అదే విశాఖపట్టణమున, చేపల రేవులో, ఒక పడవకు నిప్పంటుకొని ప్రక్కపడవలకు ప్రాకెను. మరబోటులు ఒకదాని నొకటి యొరయునట్లు వరుసగా కట్టియుండెను. ఒక్కొక్కదానిలో డీజిలు పీపాలు, వంట గ్యాసు బండలు. బండలు ప్రేలుచుండగా దగ్గరకు పోవుట కెవరికిని సాహసము లేకపోయెను. మండుచున్న పడవను త్రాడు కోసి నీటిలోనికి నెట్టినను గాలి దానిని మరల మిగిలిన పడవలమీదికే తెచ్చెను. తెల్లవారునప్పటికి దాదాపు 40 పడవలు కాలిపోయినవి. ఒక్కొక్క పడవ ఒక్కొక్క కుటుంబమునకు పొలమువంటిది. చుట్టును సముద్రము నిండ నీరు! ఆ నీటిని మంటమీదికి చేర్చు సాధనమే కావలసినది.

అట్టి సాధనమే అగ్నిమాపక నౌక. దాని నిర్మాణము చెప్పుటకు సులభమైనదే. పడవ యడుగున నీటిని పీల్చు నోళ్లుండును. బలమైన పంపులు ఆ నీటిని పైకి లాగి, ఓడపైభాగమున తిరుగునట్లు అమర్చిన పెద్ద యిత్తడి గొట్టములనుండి వెడలగొట్టును. మన పొలముల మోటారు బావిలోనుండి నీటిని కాలువలోనికి పోయునట్లే, కాని దానికి నూరు మడుగుల వేగముతో. నీరు ముందునకు చిమ్మిన కొలది పడవ వెనుకకు తన్నును; అందుచేత ఎదురు బలముతో నింజనును నడిపి పడవను అదిమిపట్టవలెను. నేలమీది ఫైరింజనువలె తొట్టి ఖాళీ యగునను భయము దీనికి లేదు. ఒక్క లోపము మాత్రము కలదు. నీటి పోటు తగ్గినపుడు ఒడ్డునకు దూరమై, బురదకు ఆవల నిలిచిపోవును. మరియొక చిత్రము కూడ నున్నది. ఎక్కువ నీరు పోసినచో మండు నోడ బరువు తప్పి ఒరగును. 1942 ఫిబ్రవరిలో న్యూయార్కు రేవున ‘నార్మండీ’ యను మహానౌకకు నిప్పంటుకొనగా, ఆర్పుటకు పోసిన నీరే దానిని ప్రక్కకు పడద్రోసినది. నిప్పార్పుటకును లెక్క కావలెను.

ఇట్టి పడవలలో విశ్రాంతి పొందిన పిమ్మటను జాగ్రత్తగా నిలుపబడినవి కొన్ని పరదేశములలో కలవు. వానిలో లండను నగరపు ‘మాసీ షా’ చరిత్ర వినదగినది. ఆ నగరపు అగ్నిమాపక దళమునకు పూర్వము అధిపతిగానున్న సర్ ఐర్ మాసీ షా పేర 1935లో దానిని కట్టిరి. పొడవు 78 అడుగులు. థేమ్సు నదిలో వంతెనల క్రింద దూరిపోవుటకై ఎత్తు తక్కువగా, లోతులేని నీటిలో తిరుగుటకై అడుగు చదునుగా దానిని నిర్మించిరి. నాలుగడుగుల లోతు నీరున్న చాలును, తేలును. నిమిషమునకు 3000 గ్యాలనులు, అనగా 13 వేల లీటర్లకు పైగా నీరు చిమ్మగలదు. మన ఊళ్లలో తిరుగు 5000 లీటర్ల ట్యాంకర్లు రెండున్నర ఒక్క నిమిషములో ఖాళీ యగునన్నమాట.

1940వ సంవత్సరమున జర్మనులు తరుముకొని రాగా డన్‌కర్కు తీరమున లక్షలకొలది సైనికులు చిక్కుకొనిరి. తీరమున నీరు లోతు లేదు. పెద్ద ఓడలు దగ్గరకు రాలేవు. అప్పుడీ నదిపడవ జ్ఞాపకమునకు వచ్చినది. సముద్రముమీద పోవుటకు కావలసిన దిక్సూచి సైతము అందులో లేదు. నదిలో మంటలార్పువారికి దిక్సూచి యేల? దానిని త్రోవలో సంపాదించుకొనిరి. తళతళలాడు నిత్తడి గొట్టములకు బూడిదరంగు పూసి, అగ్నిమాపక దళమువారే స్వచ్ఛందముగా దానిని నడుపుకొనిపోయిరి. తీరమునుండి పెద్ద ఓడలకు 500 మందికి పైగా సైనికులను చేరవేసి, సుమారు నూరుమందిని తానే యింటికి తెచ్చినది. తిరుగుదారిలో ఒక ఫ్రెంచి ఓడ మందుపాతర తగిలి మునుగగా అందలివారిని సుమారు 40 మందిని నీటిలోనుండి పైకి లాగినది. మంటలార్పుటకు కట్టిన పడవ ఒక్క నిప్పునైనను ఆర్పకయే ఇంత పని చేసినది.

ఆ యేడే డిసెంబరు 29వ తేదీ రాత్రి లండనుమీద నిప్పుబాంబులు కురిసినవి. దానికి తోడు నాడు నది పోటు బాగుగ తగ్గియుండెను. పట్టణపు నీటి గొట్టములు బాంబులచే పగిలినవి. పడవలు నది నడుమ, మంటలు ఒడ్డున; ఆ రెంటికిని నడుమ బురద. మోకాలిలోతు బురదలో దళమువారు బరువైన గొట్టములను భుజములపై మోసికొని పోవలసి వచ్చెను.

ఇంతటి పడవయు 1971లో పనినుండి తొలగింపబడిన పిమ్మట పట్టించుకొనువారు లేక ఒక రేవుమూల శిథిలమగుచుండెను. పదేండ్లు గడచినవి. అప్పుడు కొందరు సాధారణ గృహస్థులు, పూర్వము ఆ దళమున పనిచేసినవారు కలిసి సంఘముగా నేర్పడి, సెలవు దినములలో తుప్పు గీకి, ఇంజను విప్పి తుడిచి, దానిని బ్రతికించిరి. 1985లో అది మరల డన్‌కర్కునకు పోయి వచ్చినది. చాలకాలము పిమ్మట పెద్ద మొత్తమున ధనసహాయము లభింపగా మరల బాగుచేసిరి. నేడును ఇంజను తిరుగును, నీరు చిమ్మును. ఎక్కి చూచిన పిల్లలు ఇత్తడి గొట్టమును త్రిప్పి చూడవచ్చును. ప్రభుత్వపు ఆజ్ఞచే నిలిచిన దానికంటె సెలవునాటి చెమటచే నిలిచిన దానియందు నాకు గౌరవ మెక్కువ. ఈ మాట నా సొంత అభిప్రాయముగా గ్రహింపుడు.

నిలుపుటవలన ఫలమేమని యడుగువారికి న్యూయార్కులో మరియొక పడవ సమాధానము చెప్పును. దాని పేరు ‘జాన్ జె. హార్వే’. విధిలో నుండగా మంటలలో మరణించిన ఒక పడవ నడుపువాని పేరది. 1931లో కట్టిరి. నిమిషమునకు 68 వేల లీటర్లు చిమ్మగల గొప్ప పడవ. 1990ల నడుమ దానిని విశ్రమింపజేసి, 1999లో వేలము వేసిరి. పాత యినుమునకై పోవలసినది. కొందరు మిత్రులు కలిసి దానిని కొని, తుప్పు వదలించి, వేడుకకై నదిలో త్రిప్పుచుండిరి. పాత బండి తోముకొను ముసలివారిని చూచి నవ్వినట్లు వారినిజూచి నవ్వినవారును ఉండియుందురు.

2001వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఆ నగరమున రెండు మహాసౌధములు విమానములు తగిలి కూలిపోయినవి. ఆ కూలుటలో నేలలోని నీటి గొట్టములు పగిలిపోయినవి. ఫైరింజనులున్నవి, మనుష్యులున్నారు, నీరు లేదు. ఆ దినమున ఈ వేడుక పడవవారు ముందుగా భయార్తులై ఒడ్డున నిలిచిన జనులను ఎక్కించుకొని దాటించిరి. అంతలో, నీ పంపులు పనిచేయునా యని దళమువారడిగిరి. పనిచేయునని వారు చెప్పిరి. పడవ తిరిగి వచ్చి ఒడ్డున కట్టుకొనినది. నదినీటిని తోడి నేలమీది ఫైరింజనులకు 80 గంటలు అందించినది. పూర్వము దళములో దానికున్న సంఖ్యను ఆ పనికై మరల దానికిచ్చిరి. పాత గొట్టములు కొన్నింటికి మూతలు లేకపోగా నీటిసీసాలతో బిగించి, పని సాగించిరట. వేలములో తూకమునకు పోవలసిన యినుము కథ యిది.

ఇవి పరదేశపు ముచ్చటలు. మనవారికి ఓడల ఆపద పట్టలేదా యని మీరనుకొనవలదు. మనకు దూరము కాని తీరముననే మోటుపల్లి యున్నది. ఒకప్పుడది దేశదేశముల ఓడలు వచ్చిన రేవు. అచ్చట వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీస్తుశకము 1244లో వేయించిన శాసన స్తంభమున్నది. అంతకుముందు గాలివానకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తునంతయు రాజులు తమదిగా చేసికొనెడివారు. ప్రాణముతో బయటపడిన వర్తకునకు కట్టుబట్ట తప్ప మిగులునది లేదు. అట్లు చేయము, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొనము, నిర్భయముగా రండని చక్రవర్తి రాతిమీద చెక్కించెను. అందుచేతనే దానికి అభయశాసనమని పేరు. ఓడ పగిలినవానికి ఒడ్డున నిలిచినవాడు చేయవలసినదేమను విషయము ఏడున్నర శతాబ్దములకు పైగా మన జిల్లాల తీరమున రాతిరూపమున నిలిచియున్నది. కత్తి పట్టిన రాజుల విగ్రహములకంటె ఆ రాయి చూచుటకు చిన్నది. కాలేజీ చదువుకొనిన పిల్లలను వెంటతీసికొని పోయినచో చదివించుకొనవచ్చును. లిపి తెలియకున్నను తాకి చూడవచ్చును.

ఇక మన దేశపు నీటిమీద జరిగిన అగ్నిప్రమాదములలో మహాఘోరమైనది చెప్పి ముగింతును. దానిలో ప్రత్తి యున్నది. మీకు మా తాతగారి మాట జ్ఞాపకమున్నది గదా!

1944వ సంవత్సరము, రెండవ ప్రపంచయుద్ధకాలము. ‘ఫోర్ట్ స్టికీన్’ అను సరకుల ఓడ ఇంగ్లండునుండి బయలుదేరి కరాచీకి వచ్చెను. అందు దాదాపు 1400 టన్నుల మందుగుండు సామగ్రి, దానితోపాటు 31 పెట్టెల బంగారు దిమ్మెలు. కరాచీలో కొంత సరకు దిగగా, మిగిలిన చోటున 8700 ప్రత్తిబేళ్లు, గంధకము, కఱ్ఱ, నూనె పీపాలు, చేపల యెరువు నింపిరి. యుద్ధకాలమున రైళ్లు చాలక ప్రత్తిని ఓడలమీద పంపుచుండిరి. ఒక గదిలో అడుగున ప్రత్తి, దానిపై అంతస్తున మందుగుండు. మన ఊరి బండివా డెవ్వడును టపాకాయల బస్తాను ప్రత్తిమీద వేసి తోలడు. యుద్ధపు తొందరలో పెద్దవారికి ఆ బుద్ధి పుట్టలేదు.

ఏప్రిల్ 12వ తేదీన ఆ ఓడ నాటి బొంబాయి రేవు చేరి విక్టోరియా డాకులో, తక్కిన ఓడల నడుమ నిలిచెను. మందుగుండు ఓడలు దూరమున నిలువవలెనను పూర్వపు కట్టడి యుద్ధమున సడలింపబడినది. 14వ తేదీ మధ్యాహ్నము పండ్రెండున్నర మొదలుకొని ఆ ఓడ గాలిగొట్టములనుండి సన్నని పొగ వచ్చుటను ప్రక్క ఓడలవారు కొందరు చూచిరి. ఆ ఓడవారికి తెలిసియే యుండునని యూరకుండిరి. రెండుగంటల ప్రాంతమున కాని ఆ ఓడవారే దానిని కనుగొనలేదు. పెద్దలారా, మన వీధులలో ప్రక్కయింటి పొగను చూచి యూరకుండువారము మనమును కామా?

దళమువారు వచ్చిరి, ఫైరింజనులు వచ్చినవి, నిప్పార్పు పడవలు వచ్చినవి. ఓడలోనికి 900 టన్నులకు పైగా నీరు పోసిరి. నిప్పు ఆరలేదు. ఎందుచేత? బేలు యంత్రముచే గట్టిగా నొక్కబడి యినుపపట్టీలతో బిగింపబడినది. పచ్చి ప్రత్తినూలుపై సహజముగా మైనపు పొర సన్నగా నుండును. అందుచేత నీరు పైన జారిపోవును గాని లోనికి ఇంకదు. నూలు సందులలో నున్న గాలి లోపలి నిప్పునకు చాలును. పాము పుట్టలోనే యున్నది. మరియొకటి: ప్రత్తి నీటిలో తేలును. ఓడ యడుగున నీరు నిండిన కొలది మండుచున్న బేళ్లు పైకి లేచుట సహజము. పైన నున్నది మందుగుండు. ఓడ లోహపు ప్రక్క యెఱ్ఱగా కాగినది. రేవులో చుట్టునున్న నీరు సలసల క్రాగినది. ఓడను బయటి సముద్రమునకు లాగవలెనా, అక్కడనే ముంచవలెనా యని అధికారులు తలకొక మాట చెప్పిరే గాని నిశ్చయమైన యాజ్ఞ యొకటియు రాలేదు.

మూడు గంటల యేబది నిమిషములకు ఓడను విడువుడని యాజ్ఞ యైనది. దళమువారు మాత్రము గొట్టములు విడువలేదు. నాలుగు గంటల ఆరు నిమిషములకు ఓడ ప్రేలి రెండుగా చీలెను. 12 కిలోమీటర్ల దూరమున కిటికీ అద్దములు పగిలినవి. ఎంతో దూరమున నున్న సిమ్లాలోని భూకంపమాపకము ఆ యదురును గుర్తించినది. మండుచున్న ప్రత్తిబేళ్లు ఆకాశమునకెగసి ఇండ్లమీద, గిడ్డంగులమీద, ఇతర ఓడలమీద వర్షించినవి. మంటలు ప్రాకుచుండగా అరగంటలో రెండవ ప్రేలుడు వచ్చినది. అది మొదటిదానికంటె పెద్దది. పదికి మించి ఓడలు నాశమయ్యెను. ‘జలపద్మ’ యను ఓడ నీటిలోనుండి లేచి ఒడ్డున పడెను. చనిపోయినవారి సంఖ్యను ఎనిమిది వందలనుండి పదమూడు వందల వరకును చెప్పుదురు. ఎనిమిది వేల మంది కూలీలు ఏడు నెలలు పనిచేసినగాని ఆ శిథిలములు తొలగి రేవు మరల తెరువబడలేదు. బంగారు దిమ్మెలు మాత్రము దశాబ్దములు గడచిన పిమ్మటను రేవు పూడిక తీయునపుడు అక్కడక్కడ దొరకుచుండెను. వానిని లెక్కప్రకారము అప్పగించిరి.

ఆ ఓడమీదను ఒడ్డునను గొట్టములు పట్టుకొని నిలిచిన అగ్నిమాపక దళమువారు 66 మంది మరణించిరి. వారు పనిచేసిన పడవలలో నొక్కటియు ఏ తీరమునను నిలిచియుండలేదు. వారి జ్ఞాపకార్థము ముంబాయిలోని బైకుల్లా అగ్నిమాపక కేంద్రమున స్తంభమొకటి కలదు. అంతకుమించి దేశమంతట ఏప్రిల్ 14వ తేదీనుండి 20వ తేదీవరకును అగ్నిమాపక వారోత్సవము జరుపుదురు. ఆ వారమున ఖాకీబట్టలవారు ఫైరింజనుతో ఊళ్లకు వచ్చి, బడివద్ద పిల్లలను కూర్చుండబెట్టి, గ్యాసుబండ మంటను తడిగోనెతో ఎట్లు ఆర్పవలెనో చూపుటను మీలో చాలమంది చూచియుందురు. చొక్కాకు చిన్న జెండా గుచ్చి, విరాళమునకు డబ్బా చాచుటయు ఎరిగియుందురు. వచ్చు ఏప్రిల్ 14వ తేదీన ఒంగోలు పోవు పనియున్నచో ఉదయము అగ్నిమాపక కేంద్రము ముందుగా పోయి చూడుడు. పని మొదలుపెట్టకముందు వారు వరుసగా నిలిచి, టోపీలు తీసి, రెండు నిమిషములు మౌనముగా నుందురు. అది బొంబాయి రేవున ప్రత్తి మంట నార్పబోయిన ఆ 66 మంది కొరకు.